బోసిపురుగు

డాక్టర్ మేరీ సుహాసిని మీద గరగయ్యకున్న కోపం ఈ జన్మకు చల్లారేది కాదు. ఆ సంగతి ఆమె ఎదుటే చెబుతాడు, ఆమె పోసిన టీ తాగుతూ మరీ చెబుతాడు. "మందు చేతిలో ఎట్టుకుని, మనిషి కళ్ళ ముందే సున్నం కొట్టిన గోడలాగ తెల్లబోతా ఉంటే, ఆర్నెల్లు ఆగమంది చూడండి, ఆ తల్లి ఈవిడేనండి" అని కొత్తగా వచ్చినవాళ్ళకు పరిచయం చేస్తాడు. ఆమె నవ్వుతుంది. ఆ నవ్వు మీద మళ్ళీ వేరే కోపం.

వాసంశెట్టి గరగయ్యకు లోకంలో సగం మంది మీద కోపమే. నాలుగో తరగతిలో పలక లాక్కుని చేతికి నీళ్ళకడవ ఇచ్చిన తండ్రి మీద, తన తోట తమలపాకు ముదురని పేరుపెట్టి పక్కవాడి ముదురాకు లేతదని కొనే బేరగాళ్ళ మీద, వేసవిలో ఎండి వానల్లో పొంగే కాలవ మీద కూడా కోపమే. లేనిదల్లా పెళ్ళాం మీద. ఆ పని ఆ ఇంట్లో ఆవిడ చేసేది.

కొత్తేరులంకలో కాలవకు ఇవతల గరగయ్య ఆకుతోట, అవతల ఏటి రేవు. పల్లాలమ్మ తోటలో నిలబడి మొగుణ్ణి తిట్టడం మొదలుపెడితే, రేవులో జనాన్ని ఏరు దాటించే పంటు నడిపే నూకరాజు ఇంజను ఆపి వినేవాడు. పంటు మీదున్న జనం కూడా ఏమీ అనేవాళ్ళు కాదు, వాళ్ళకీ వినాలనే ఉండేది. "నీ బుర్రలో గుజ్జంటూ ఉంటే ఈపాటికి జాడీలో ఊరగాయెట్టేద్దును గదయ్యా! అదీ లేదాయె!" అని ఎత్తుకుంటే, ఊపిరి తీసుకోకుండా తమలపాకు తీగలాగ పైపైకి పాకించుకుపోయేది. ఒకసారి వాడిన తిట్టు మళ్ళీ వాడదని పేరు. గరగయ్య ఏమీ వినబడనట్టు అవిశ చెట్టుకు తీగ కట్టుకుంటూ లోలోపల ముసిముసిగా నవ్వుకునేవాడు.

ఆ తిట్లు తగ్గాయి. వారానికోసారయ్యాయి, తర్వాత సగంలో ఆగిపోయేవి. అమ్మవారు చల్లగా చూసిందనుకుని పదిహేను రోజులు గరగయ్య హాయిగానే ఉన్నాడు. పదహారో రోజు కాలు జారి, కోసిన ఆకు బుట్టతో సహా కాలవలో వదిలేశాడు. పొద్దుటి నుంచి పల్లాలమ్మ చేసిన కోతంతా నీళ్ళ మీద పచ్చగా తేలుకుంటూ వెళ్ళిపోయింది. గరగయ్య మెడ లోపలికి లాక్కుని తిట్ల కోసం నిలబడ్డాడు.

"పోన్లే" అంది పల్లాలమ్మ. అని అక్కడే గట్టు మీద కూర్చుండిపోయింది.

ఆ ఒక్క మాటకు గరగయ్య హడలిపోయాడు. మర్నాడే ఆమెను పంటు ఎక్కించి, బస్సెక్కించి, ఊరికి పది మైళ్ళలో పాత కొబ్బరిపీచు గొడౌనులో పెట్టిన పురుగుల పరిశోధన కేంద్రానికి తీసుకెళ్ళాడు. అక్కడ డాక్టరమ్మ డబ్బు తీసుకోదని విని వెళ్ళాడు గానీ, ఆమె గొప్పతనం తెలిసి కాదు.

డాక్టర్ సుహాసిని పల్లాలమ్మ కింది రెప్ప లాగి చూసింది, గోళ్ళు చూసింది. మెల్లగా అడిగింది.

"మట్టి తినాలనిపిస్తుందా అమ్మా?"

పల్లాలమ్మ మొగుడి వంక చూసి తల దించుకుంది. "కాలవ గట్టు మీద వాన పడ్డప్పుడండి... ఆ వాసనొత్తే ఆగలేకపోతన్నానండి."

గరగయ్యకు ఆ సంగతి అప్పుడే తెలిసింది. ముప్పై ఏళ్ళు కలిసి కాపరం చేసిన మనిషి తనకు తెలియకుండా మన్ను తింటోంది.

రక్తం పరీక్షలో ఐదు వచ్చింది. పన్నెండు ఉండాలంది డాక్టర్.

"మరి మిగతా ఏడూ ఏవైపోయినట్టండి?"

"పురుగులు తాగేశాయి గరగయ్య గారూ. కొంకిపురుగులు. పేగులకు పళ్ళు దించి వేలాడతాయి. ఆవిడ కడుపులో కొన్ని వందలున్నాయి."

అవి ఎలా వచ్చాయో కూడా చెప్పింది. మనిషి గట్టున దొడ్డికి కూర్చుంటాడు. కడుపులోని పురుగుల గుడ్లు తడి మట్టిలో పడి, నీడ దొరికితే వారంలో కంటికి కనబడనంత సన్నటి పిల్లలవుతాయి. చెప్పుల్లేని అరికాలు కోసం కాచుకుంటాయి. కాల్లోంచి నెత్తురులోకి, ఊపిరితిత్తుల్లోకి, గొంతులోకి, అక్కణ్ణుంచి మింగితే కడుపులోకి. కడుపులోంచి మళ్ళీ గట్టు మీదికి. గరగయ్య వేళ్ళు మడుస్తూ ఆ చక్రం రెండుసార్లు చెప్పించుకున్నాడు. చదువు లేనివాడికి ఏదైనా రెండుసార్లు వింటే చాలు, రాసుకునే పని ఉండదు.

"తడి, నీడ, వట్టికాళ్ళు" అంది డాక్టర్. "వాటికి ఆకుతోటను మించిన ఇల్లు లేదు. తోటలోకి చెప్పులేసుకుని వెళ్ళండి."

మొగుడూ పెళ్ళాం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఆకుతోటలోకి చెప్పులా! స్నానం చేయకుండా ఆ గుమ్మంలో అడుగుపెట్టరు. లోపల ఉమ్మెయ్యరు, చుట్ట కాల్చరు. చెప్పుకాలు పడితే తీగ అలుగుతుందని, అలిగిన తీగ మూడో నాటికి వాడిపోతుందని ఆ లంకల్లో చంటిపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు.

అంతకు ముందు ఏడాది కేంద్రం వాళ్ళు లంకలో ఇంటింటికీ రబ్బరు బూట్లు పంచారు. మంచి బూట్లు, మోకాళ్ళ దాకా వస్తాయి. అవి తోటకోసం ఇచ్చినవి కాబట్టి తోటకే చెందాలని జనం వాటికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, ప్రతి తోట గుమ్మం దగ్గర జోడుజోడుగా నిలబెట్టారు. లెక్క రాసుకోవడానికి వచ్చిన ఆరోగ్య కార్యకర్త గుమ్మాల దగ్గర బూట్లు చూసి, అందరూ వాడుతున్నారని సంతోషంగా రాసుకుపోయింది. వర్షాకాలం దాటేసరికి వాటిలో కప్పలు కాపరం పెట్టాయి.

మాత్రలు ఇచ్చారు. లంకల్లోని పురుగులు ఆ మాత్రలకు ఎన్నాళ్ళ కిందటో అలవాటు పడిపోయాయి. రెండు సీసాల రక్తం ఎక్కించారు, నాలుగు నెలల్లో పురుగులు దాన్నీ తాగేశాయి.

అప్పుడు డాక్టర్ ఒక రోజు గరగయ్యను లోపలి గదిలోకి పిలిచి, మైక్రోస్కోపులోకి చూడమంది. మొదటి గాజుపలక మీద ఒక పురుగు తల. నోట్లో నాలుగు కోరలు కొడవళ్ళలా వంగి ఉన్నాయి. గరగయ్య ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు. రెండో పలక పెట్టింది. అదే పురుగు, అదే మొహం. కోరలు లేవు. నోరు తెరిచి ఉయ్యాల్లో నవ్వే నెలల పిల్లాడిలా ఉంది.

"ఇదేంటండీ, బోసినోరేసుకుని?"

"తొమ్మిదేళ్ళు పట్టింది వీటికి పళ్ళు రాకుండా చెయ్యడానికి" అంది సుహాసిని. ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహం, పిల్లకు అన్నప్రాసన చేసిన తల్లి మొహంలా ఉంది. "ఇవి రక్తం తాగలేవు. మనం తిన్న అన్నంలోంచి కాస్త తీసుకుంటాయి. వీటి ఒంట్లోంచి ఊరే రసం తగిలితే పళ్ళున్నవి పట్టు వదిలేస్తాయి. ఊడి బయటికి పోతాయి. ఇవి ఇల్లు ఆక్రమించి కూర్చుంటే మళ్ళీ కొత్తవి రాలేవు."

"అంటే కాపలాకి కుక్కని పెంచినట్టన్నమాట."

"అంతకన్నా బాగా నేనూ చెప్పలేను."

"అయితే ఇంకా చూత్తారేంటండీ? దానికి ఎయ్యండి మరి!"

అక్కడొచ్చింది తగువు. మనుషుల్లో ఇంకా ఎవరికీ వేయలేదు. ఇలాంటి పరీక్షలకు అనుమతులిచ్చే ఢిల్లీ సంఘం ఐదుగురి మీద మాత్రమే పరీక్షకు ఒప్పుకుంది. వాళ్ళ రక్తం ఎనిమిదికి తగ్గి ఉండకూడదు. పల్లాలమ్మ ఐదు. గరగయ్య పదకొండు.

"దాని ఒంట్లో పురుగుంటే మందు నా ఒంటికి ఎయ్యడమేంటండీ? ఇదెక్కడి వైద్యం?" అని కేకలేశాడు. కేకలేసి, తనమీద బాగా పనిచేస్తే దానికి తొందరగా ఇస్తారేమోనని సంతకం పెట్టాడు.

మోచేతి మీద తడి గుడ్డలో యాభై పురుగు పిల్లలను పెట్టి కట్టు కట్టారు. ముందు చీమ కుట్టినట్టు, తర్వాత ఎవరో ఈకతో రాసినట్టు గిలి. గరగయ్య వద్దన్నా నవ్వొచ్చింది. ఇంటికొచ్చి ఆ కట్టు చూపిస్తే పల్లాలమ్మ కళ్ళు విప్పి నీరసంగా నవ్వింది. "నేను నలుగుర్ని కంటే నువ్వు మీసం దువ్వుకున్నావు. ఇప్పుడు యాబై మందిని మొయ్యి, తెలుత్తాది."

వారానికోసారి తన కడుపులోంచి వచ్చింది ఒక డబ్బాలో వేసి కేంద్రానికి తీసుకెళ్ళాలి. గరగయ్య ఆ డబ్బాను ఇత్తడి కారియర్‌లో పెట్టి, దాన్ని సంచీలో పెట్టి, సంచీ ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చునేవాడు. కండక్టర్ ప్రతి వారం అడిగేవాడు. "ఏంటి బాబాయ్, పిన్ని ఏదో వండి పంపినట్టుంది? మాకెట్టవా?"

"నేనే వండేనెహె. నీకు అరగదు."

ఆకలి పెరిగింది. అదొక్కటే తేడా. మామూలుగా తినేదాని మీద ఇంకో పిడికెడు అన్నం అడిగేది కడుపు. రెండు నెలలకు డబ్బాలో గుడ్లు కనబడ్డాయి. మైక్రోస్కోపు దగ్గర డాక్టరమ్మ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. గరగయ్య కడుపులో ఉన్న పళ్ళున్న పురుగులన్నీ పోయాయి. ఆయన రక్తం పదమూడయింది.

"ఇహ దానికి?" అన్నాడు గరగయ్య.

సుహాసిని చప్పట్లు ఆపేసింది. "సంఘం మళ్ళీ కూర్చోవాలి. ఆరు నెలలు."

ఈలోగా పల్లాలమ్మ గట్టు ఎక్కలేకపోతోంది. సాలు మొదట్లో కూర్చుని చేతికందిన నాలుగాకులు కోసేది. పక్క సాలు కోసే కోడలు మంగతాయి, అత్త చూడకుండా తన గుప్పెడు ఆకు ఆమె బుట్టలో వేసేది. పల్లాలమ్మ చూసేది, చూడనట్టు ఊరుకునేది. అలా ఊరుకునే మనిషి కాదు. మళ్ళీ రక్తం ఎక్కించిన రోజు డాక్టర్ గరగయ్యను వరండాలోకి తీసుకెళ్ళి, గుండె వాచిందని, మరోసారి ఇలా పడిపోతే రక్తం ఎక్కించినా గుండె తట్టుకోకపోవచ్చని చెప్పింది.

"అమ్మా, తమ కాళ్ళట్టుకుంటాను. నా కడుపులో ఉన్నయ్యే తీసి దానికెయ్యండి."

"మీకన్నా నాకు తొందరగా ఉంది" అంది ఆమె. కళ్ళు ఎర్రబడ్డాయి. "కానీ ఈ పురుగు బలహీనమైన గుండెను ఏం చేస్తుందో నాకు తెలీదు. తెలీనిది తెలుసని చెప్పి మీ ఆవిడ చేతికి కట్టు కట్టలేను."

"మీరు చదూకున్నారండి. మీకు తెలీదని చెప్పడానికైనా నోరొత్తాది. మేవేం చేత్తాం!" అని తువ్వాలు దులిపి భుజానేసుకుని వచ్చేశాడు.

బస్సులో ఒళ్ళో ఖాళీ కారియర్. గరగయ్య వేళ్ళు మడిచాడు. కడుపు, గట్టు, మట్టి, నీడ, వట్టికాలు, మళ్ళీ కడుపు. ఇంకోసారి మడిచాడు. డాక్టరమ్మే చెప్పింది. పళ్ళున్న పురుగు ఏ దారిన వచ్చిందో బోసి పురుగూ అదే దారిన రావాలి. సంఘం కూర్చుని నిలబడక్కర్లేదు. సంతకం అక్కర్లేదు. ఒక్కటే చిక్కు. ఆ దారి ఆకుతోటలోంచి వెళుతుంది.

మూడు తరాలు ఉమ్మి కూడా పడని నేల అది. తాత పోతూపోతూ, తన పాడె తోట పక్కనుంచి తీసుకెళ్ళొద్దని చెప్పి పోయాడు, తీగకు మైల తగులుతుందని. ఆ వారం గరగయ్యకు ఇంకో పిడికెడు మాట అటుంచి, రోజూ తినే అన్నమే సయించలేదు.

మంగళవారం తెల్లవారగానే తలస్నానం చేశాడు. బొట్టు పెట్టుకున్నాడు. డబ్బాలోది సగం కేంద్రానికి ఉంచి, సగం కాలవ ఒండ్రుతో కలిపి, తోటలో తూర్పు వైపు మూడో సాలులో, పల్లాలమ్మ ఎప్పుడూ కోసే సాలులో, అవిశ మొదళ్ళ చుట్టూ పోసి ఆకులు కప్పాడు. తీగ ముందు చేతులు జోడించాడు. "తల్లీ, పాపం నాది. అలిగితే నామీద అలుగు. దాన్నేవీ అనకు."

ప్రతి వారం అంతే. సగం సైన్సుకు, సగం పెళ్ళానికి.

"నువ్వు ఈ మూడో సాలు ఒక్కటే కొయ్యి. కూచునే కొయ్యి. కాళ్ళు చల్లగా తడి మట్టిలో ఎట్టుకో, ఒంటికి మంచిది" అని పల్లాలమ్మకు చెప్పాడు.

"ఇదేటి కొత్తగా ప్రేమ?" అంది ఆమె.

పదో రోజున అరికాళ్ళు దురద అంది. గరగయ్య గబగబా దొడ్లోకి పోయి, గేదె వీపు మీద మొహం ఆనించి నవ్వాడు. గేదెకేమీ అర్థం కాక పక్కకు జరిగింది.

ఆరు వారాలు గడిచాయి. వాన పడింది. గట్టు మీద మన్ను కమ్మగా వాసనేసింది. పల్లాలమ్మ దాని వంక చూసి మొహం తిప్పుకుంది. ఆ రాత్రి అన్నంలో రెండోసారి కూర అడిగింది. డాక్టరిచ్చిన ఇనుము మాత్రలు ఇన్నాళ్ళూ పురుగుల పాలయ్యాయి, ఇప్పుడు మనిషికి అందుతున్నాయి. పదో వారానికి గట్టు ఒక్కతే ఎక్కింది. ఎక్కి, తనే ఆశ్చర్యపోయి, మళ్ళీ దిగి మళ్ళీ ఎక్కింది.

పన్నెండో వారం ఒక మధ్యాహ్నం, అరటినార అయిపోయిందని గరగయ్య తీగలు ప్లాస్టిక్ తాడుతో కడుతున్నాడు. వెనక అడుగుల చప్పుడు వినబడింది.

"ఓరి నీ చేతులు కాకులెత్తుకెళ్ళా!"

కాలవ మీద కొంగలు లేచాయి.

"తీగా అది? గోనెసంచీ మూతనుకున్నావా తాడేసి బిగించడానికి? నా పీకకి కట్టకపోయావా ఆ తాడు, ఈపాటికి సుకంగా పోదును! నిన్ను కన్నప్పుడు మీ అమ్మ మంత్రసానికి చీరెట్టిందంట గదయ్యా, ఎందుకెట్టిందో ఆవిడకే తెలవాలి! అరటి చెట్లు చచ్చిపోయినియ్యా లంకలో? పోనీ నీ మీసం పీక్కుని నార తియ్యకపోయావా!"

రేవులో ఇంజను చప్పుడు ఆగిపోయింది. నూకరాజు పంటు మీంచి రెండు చేతులూ పైకెత్తి ఊపాడు. "పల్లాలక్కా! వొచ్చేసేవా!" అని అరిచాడు. అన్ని తోటల్లోంచీ ఆడవాళ్ళు బుట్టలు దించి పరిగెత్తుకొచ్చారు. మంగతాయి అత్తను వాటేసుకుంది. పల్లాలమ్మ ఆమెను విదిలించుకుని, ఊపిరి తీసుకోకుండా ఇంకా పైకి పాకించింది. గరగయ్య తాడు చేతిలో పట్టుకుని బొటబొటా కన్నీళ్ళు కారుస్తూ నవ్వుతున్నాడు.

"ఇంకా తిట్టవే" అన్నాడు. "ఇంకా తిట్టు."

ఆ సంతోషం పదకొండు రోజులు. పన్నెండో రోజున కేంద్రంలో పల్లాలమ్మ రక్తం తొమ్మిదిన్నర వచ్చింది. సుహాసిని రెండోసారి చూసింది. మలం పరీక్షించింది. కుర్చీలో వెనక్కి వాలింది.

"గరగయ్య గారూ, మా బోసిపురుగులు ఈవిడ కడుపులోకి ఎలా వచ్చాయి?"

గరగయ్య పైనున్న ఫ్యాను వంక చూశాడు. పల్లాలమ్మ గరగయ్య వంక చూసింది. ఆ చూపుకు ఆయన ఏనాడూ ఆగలేదు. మొత్తం చెప్పేశాడు.

ఇద్దరాడవాళ్ళూ ఒకేసారి లేచారు.

"మీరు చేసిందేమిటో తెలుసా? అనుమతి లేకుండా నేలలోకి వదిలేశారు! తొమ్మిదేళ్ళ పని! ఈవిడకేమైనా అయుంటే?" అంది డాక్టర్.

"ఆకుతోటలోనా! ఆకుతోటలోనా సచ్చినోడా!" అంది పల్లాలమ్మ.

గరగయ్య ఇద్దరికీ కలిపి ఒకటే జవాబు చెప్పాడు. "బతికుంది గదా."

పల్లాలమ్మ మూడు రోజులు తోట గుమ్మం తొక్కలేదు. నాలుగో రోజు పసుపునీళ్ళు, పాలు పట్టుకెళ్ళి మూడో సాలు అంతా చల్లింది. తీగ ఎండలేదు, అలగలేదు, పైగా కొత్త చివుళ్ళు వేసి ఉంది. చాలాసేపు చూసి, "పోన్లే. పురుగు మాత్రం అమ్మోరి బిడ్డ కాదా" అంది. ఈసారి ఆ మాటకు గరగయ్య హడలిపోలేదు.

సుహాసిని తోటలో మట్టి తీసుకెళ్ళి చూసింది. పళ్ళున్న పురుగు మూడో సాలులోనే కాదు, తోట మొత్తంలో ఒక్కటి లేదు. అక్కడ కోతకు వచ్చే పదకొండు మంది ఆడవాళ్ళకీ రక్తం పెరిగింది. మంగతాయికి పదకొండు దాటింది, ఏడాదిగా ఆగిన నెలసరి వచ్చిందని సిగ్గుపడుతూ చెప్పింది. అసలు వింత ఇంకోటి. కేంద్రంలో గాజు పాత్రల్లో పెంచిన బోసిపురుగులు నాలుగో తరానికి చచ్చిపోతున్నాయి. ఏ నేలలో వేసినా బతకనివి, తెలకపిండి ఎరువు, కుళ్ళిన అవిశాకు, కాలవ ఒండ్రు తాగిన ఆ ఆకుతోటలో పిల్లాపాపలతో వర్ధిల్లుతున్నాయి.

"జరిగింది జరిగినట్టు సంఘానికి రాసేస్తాను" అంది. "నా ఉద్యోగం పోతే పోతుంది. దాస్తే ఈ పురుగును ఎవరూ నమ్మరు."

సంఘం నుంచి నలుగురు వచ్చారు. మోకాళ్ళ దాకా బూట్లు, చేతులకు తొడుగులు. తోట గుమ్మం దగ్గర పల్లాలమ్మ నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

"కాళ్ళవి ఇప్పండి."

"అమ్మా, మేం ఢిల్లీ నుంచి..."

"ఎక్కణ్ణుంచైతే నాకేంటండి! మా మావ వచ్చినా ఇప్పుకునే వచ్చేవోడు. తానాలు చేసేరా లేదా? చెయ్యకపోతే అదిగో కాలవ. పెద్ద పెద్ద చదువులు చదివి, తల్లి గుడిలాంటి చోటుకి ఆ ఏనుక్కాళ్ళేసుకుని వత్తారా!"

"సార్, వద్దు, లోపల నేలలో పురుగు..." అని సుహాసిని చెప్పబోయింది. ఆ గొంతు ముందు ఈ గొంతు ఎవరికి వినబడింది? నలుగురూ బూట్లు విప్పి, ప్యాంట్లు మడిచి, బడిపిల్లల్లా వరసగా లోపలికి నడిచారు. సంఘం అధ్యక్షుడు మధ్యలో ఆగి అరికాలు గోక్కున్నాడు.

వెనక నుంచి గరగయ్య అన్నాడు. "గిలిగా ఉంటదండి. నవ్వేయండి, పోద్ది."

రెండు నెలల తర్వాత అధ్యక్షుడు పంపిన లేఖలో తోటను సున్నం పోసి కాల్చేయాలన్న మాట లేదు. నలుగురి ఆరోగ్యమూ బాగుందని, ఆకలి కొంచెం పెరిగిందని, సుహాసిని నిజం దాచనందుకు పని కొనసాగించవచ్చని ఉంది. తోట మాత్రం ఇక తోటగా ఉండకూడదు. పచ్చిగా నమిలే ఆకును ఆ నేల నుంచి అమ్మకూడదు. కేంద్రం ఆ నేలను కొని, కంచె వేసి, వైద్యుల ఎదుట మనుషులను నడిపించవచ్చు. కొనడానికి అనుమతి ఏడాదిన్నరలో వస్తుంది.

ఆ లేఖ సుహాసిని చదివి వినిపిస్తున్నప్పటికే గట్టు మీద జనం ఉన్నారు. చుట్టుపక్కల లంకల నుంచి, జీడిమామిడి తోటల నుంచి వచ్చిన ఆడవాళ్ళు. చంకలో పిల్లలతో కొందరు, మనుషుల భుజాల మీద కొందరు, అందరి మొహాలూ సున్నం కొట్టిన గోడలే. ఒకావిడ గట్టు మన్ను చిదిపి, ఎవరూ చూడటం లేదనుకుని నోట్లో వేసుకుంది. గరగయ్య చూశాడు.

"ఏడాదిన్నరా?" అన్నాడు.

"నేలను అమ్మడానికైతే అంతే గరగయ్య గారూ. దానంగా ఇస్తే ఒక్క రోజులో అయిపోతుంది. అయినా మిమ్మల్ని అడగను. అడిగే హక్కు నాకు లేదు."

గరగయ్య పెళ్ళాం వంక చూశాడు. ఆమె తిడుతుందనుకున్నాడు, కాస్త ఆశగానే అనుకున్నాడు. పల్లాలమ్మ కొంగు బిగించి, తోటలోకి వెళ్ళి, "ఒసే మంగతాయీ! కొడవళ్ళు తేండే! తీగ ముక్కలు ఎవరి తోటకి వాళ్ళు పట్టుకుపొండి. నేలైనా పోద్ది గానీ మావోళ్ళ తీగ పోకూడదు" అని కేకేసింది.

ఆ రోజంతా లంకలో పండగలా ఉంది. తాత నాటిన తీగ ముక్కలు ముక్కలై ఇరవై తోటలకు వెళ్ళింది. చివరి ఆకులు తోరణాలుగా గుచ్చి గుమ్మానికి కట్టారు. మర్నాడు పొద్దున, దానమిచ్చినట్టు గరగయ్య సంతకం పెట్టిన కాగితం చేతికందాక, డాక్టర్ సుహాసిని చీటీ చూసి ఒక్కొక్కరినే పిలుస్తుంటే, అరవై మంది ఆడవాళ్ళు వట్టికాళ్ళతో మూడో సాలులోంచి నడిచారు. గిలికి ఒకావిడ కెవ్వుమంది, వెనకావిడ పకపకా నవ్వింది, ఆ నవ్వు సాలు పొడుగునా పాకింది. అవిశ చెట్ల కింద తీగల్లేవు, అడుగులున్నాయి. నేల మెత్తదనం మధ్యాహ్నానికే అణిగి గట్టిపడింది. ఇక దానిలో ఆకు మొలవదని గరగయ్యకు అరికాలితోనే తెలిసింది.

ఆ సాయంత్రమే రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో దస్తావేజు రాసే ఆయన, కళ్ళజోడు పైకి తోసి అడిగాడు. "దానానికి కారణమేమని రాయమంటావయ్యా?"

"పెళ్ళాం గొంతు బాగుపడిందని రాయండి."

"అలా రాయకూడదు."

"అయితే మీకు తోచింది రాసుకోండి. విస్తీర్ణం మాత్రం సరిగ్గా రాయండి. ఆవిడ వింటా ఉంది."

పల్లాలమ్మ మెట్ల దగ్గర నిలబడి, వీధి చివరి టీ కొట్టు దాకా వినబడేలా, అంగుళం తప్పకుండా చెప్పింది. సర్వే నంబరు రెండు వందల పద్నాలుగులో మూడో భాగం, కాలవ గట్టుతో కలిపి, నలభై ఒకటిన్నర సెంట్ల ఆకుతోట.